నల్లమట్టి కింద ఎర్రమట్టి: ఒక మిరప చేనులో మూడు గుంతలు

గుంటూరు నుంచి పేరేచర్ల మీదుగా సత్తెనపల్లి వెళ్ళే దారికి కొంత లోపలగా, ఒక చిన్న గుట్ట పాదం నుంచి వాగు వైపుకు వాలుగా దిగే నాలుగెకరాల మిరప చేనుకు సంబంధించిన కేసు ఇది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కురిసిన వానలకు ఈ చేనులో సుమారు 60 సెంట్ల మేర మొక్కలు వారం పది రోజుల్లో వాడి, వేర్లు కుళ్ళి, నిలువునా ఎండిపోయాయి. తుపానుకు మిరప దెబ్బతినడం గుంటూరు రైతుకు కొత్త కాదు కాబట్టి అంతవరకు వింతేమీ లేదు. వింత ఎక్కడంటే, నీరు నిలవవలసిన వాగు పక్కన పల్లంలో పైరు కొంత పసుపు రంగుకు తిరిగి మళ్ళీ కోలుకుంది. నీరు జారిపోవలసిన మెరకలో, గుట్టకు దగ్గరగా ఉన్న ముక్కలో చచ్చిపోయింది. అంతకుముందు రెండేళ్ళు కూడా పెద్ద వాన పడ్డప్పుడల్లా అదే ముక్కలో ఇలాగే జరిగిందని రైతు చెప్పారు.

నేల చూడమని నన్ను పిలిచేనాటికే ఆ రైతు చేయగలిగినవన్నీ చేశారు. మొదళ్ళ దగ్గర కుళ్ళు తెగులుకు వాడే కాపర్ ఆక్సీక్లోరైడ్ ద్రావణం పోశారు, విత్తనం మార్చి చూశారు, పై ముక్క నుంచి, కింది ముక్క నుంచి వేర్వేరుగా మట్టి తీసి పరీక్షకు పంపారు. రెండు నివేదికలూ కవల పిల్లల్లా ఉన్నాయి: ఉదజని సూచిక (pH) రెండింటిలోనూ 8కి అటూ ఇటూ, లవణాలు తక్కువ, సేంద్రియ కర్బనం తక్కువ, పొటాష్ ఎక్కువ. నివేదికలో తప్పేమీ లేదు. అది చూసింది పై 15 సెంటీమీటర్లను మాత్రమే, ఆ 15 సెంటీమీటర్లు రెండు చోట్లా నల్లమట్టే.

తప్పు మొదట నా వైపు నుంచే జరిగింది. డిసెంబరు మూడో వారంలో వెళ్ళినప్పుడు చేను ఇంకా తడిగా ఉంది. ఆగర్ (మట్టి నమూనా తీసే బర్మా) తిప్పుతూ దింపితే పై ముక్కలో 25 సెంటీమీటర్ల దగ్గర గట్టిగా తగిలింది. ఆగర్ తిరిగేటప్పుడు పైమట్టిని కిందిదానికి, కిందిమట్టిని పైదానికి పూసేస్తుంది. బయటికి వచ్చిన ముద్దలో ఎరుపు ఛాయ కనబడినా, మిశ్రమ నేల అనుకుని దాన్ని పట్టించుకోలేదు. ఏళ్ళ తరబడి రోటవేటరు ఒకే లోతులో తిరగడం వల్ల ఏర్పడిన గట్టిపొర అని రాసిచ్చి, వేసవిలో లోతు దుక్కి చేయమన్నాను. రైతు ఆ కాగితం చదివి నెమ్మదిగా అడిగారు: "సార్, నాలుగెకరాలూ ఒకే ట్రాక్టరు, ఒకే రోటవేటరు తోలాను. గట్టిపొరే అయితే కింద ముక్కలో కూడా ఉండాలి గదండీ?" నా దగ్గర జవాబు లేదు. వాలు మీద పైన ఒకటి, నడుమ ఒకటి, కింద ఒకటి చొప్పున మూడు గుంతలు తీసి చూద్దామని, కాయ కోత పూర్తయ్యాక మే నెలకు వాయిదా వేసుకున్నాం.

గుంత గురించి

నేల నిలువుకోతను చదవడానికి తీసే గుంతకు కొన్ని పద్ధతులు ఉన్నాయి, వాటిని పాటించకపోతే గుంత తీసిన శ్రమంతా వృథా. మేము ఒక్కొక్కటి మీటరున్నర పొడవు, మీటరు వెడల్పు, మీటరున్నర లోతుతో తీయించాం. చూడదలచిన గోడ మీద ఎండ పడేలా దిక్కు ఎంచుకోవాలి, ఆ గోడ పైఅంచున ఎవరూ నిలబడకూడదు, తవ్విన మట్టిని అటువైపు పోయకూడదు. జేసీబీతో తీయిస్తే పని అరగంటలో అయిపోతుంది గాని, దాని బొచ్చె గోడను ఇస్త్రీ చేసినట్టు పామేస్తుంది. పొరల హద్దులు, వేర్ల దారులు, బెడ్డల అంచులు అన్నీ దాని కింద మూసుకుపోతాయి. అందుకని చివరి జానెడు మందం పలుగుతో తీయించి, ఆ తరువాత గోడను పైనుంచి కిందికి కత్తి మొనతో పెళ్ళలు పెళ్ళలుగా ఊడదీశాను. నమూనాలు మాత్రం అడుగు నుంచి పైకి తీయాలి, లేకుంటే పైమట్టి రాలి కింది నమూనాలో కలుస్తుంది. కొలత టేపు, రంగుల పట్టిక, నీళ్ళ సీసా, పది శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్న చుక్కల బుడ్డి, ఒక భూతద్దం: ఇంతకు మించిన సామగ్రి అక్కరలేదు.

ఇక్కడ ఒక మాట తేడా చెప్పకపోతే తరువాతి కథ అర్థం కాదు. వాడుకలో మనం నేలలో కనబడే ప్రతి పట్టీనీ పొర అనేస్తాం. నేలశాస్త్రంలో అవి రెండు వేర్వేరు సంగతులు. వరద తెచ్చి పరచినది, గాలి తెచ్చి పోసినది, మనిషి మోసుకొచ్చి చల్లినది పొర. ఒకే మూలపదార్థం, అంటే నేల దేని నుంచి తయారవుతుందో అది, ఉన్నచోటనే ఉండి, వేల ఏళ్ళలో పైనుంచి వాన, ఎండ, వేర్లు, పురుగులు చేసిన పని వల్ల ఒక్కో లోతులో ఒక్కో రకంగా మారితే, ఆ మార్పు పట్టీ స్తరం. ఇంగ్లీషులో హొరైజన్ అనేది దీన్నే. నేల అంటే పొడి అయిన రాయి మాత్రమే కాదని, దానికంటూ పుట్టుక, పెరుగుదల ఉన్న స్వతంత్ర వస్తువని 1883లో రష్యన్ నల్లనేలల అధ్యయనంలో దొకుచాయెవ్ నిరూపించాడు. ఆ పుట్టుకను నడిపించేవి శీతోష్ణస్థితి, జీవరాశి, నేల వాలు, మూలపదార్థం, కాలం అనే ఐదు కారకాలని 1941లో హాన్స్ జెన్నీ సూత్రబద్ధం చేశాడు. మా నాలుగెకరాల్లో వాన ఒకటే, ఎండ ఒకటే, పైరు ఒకటే. తేడా రావలసింది వాలు వల్లా, దాని వెంట జారే నీటి వల్లా మాత్రమేనని నేను అనుకున్నాను. రెండు గుంతల వరకు ఆ ఊహ నిలబడింది.

కింది గుంత: అసలైన రేగడి

వాగుకు దగ్గరగా తీసిన గుంత పాఠ్యపుస్తకంలో బొమ్మలా ఉంది. మే ఎండకు నేల నెర్రెలిచ్చి, కొన్ని నెర్రెల్లో చెయ్యి దూరుతోంది. ఉక్కు టేపు దింపితే 80 సెంటీమీటర్ల వరకు అడ్డం లేకుండా వెళ్ళింది. పైన నాలుగైదు సెంటీమీటర్లు సజ్జగింజల్లా రాలే గుళికలు. దాని కింద అరమీటరు వరకు పదునైన అంచులున్న గట్టి బెడ్డలు. అక్కడి నుంచి మీటరు దాటేవరకు, ఏటవాలుగా నునుపు తేలిన పలకలు, తడి చేత్తో రుద్దిన నల్లరాయిలా మెరుస్తూ, వాటి మీద ఒకే దిక్కుకు గీసినట్టు సన్నని గాట్లు. 110 సెంటీమీటర్ల కింద సున్నపు గడ్డలు మొదలయ్యాయి, ఆమ్లం చుక్క వేస్తే బుసబుసమని పొంగాయి.

ఈ గుంతలో ఒక స్తరం ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపడం కష్టం. ఒక హద్దు రెండు సెంటీమీటర్లలోపు తేలిపోతే తెగినట్టున్న హద్దు అంటాం, పదిహేను సెంటీమీటర్లు దాటినా తేలకపోతే చెదిరిన హద్దు అంటాం. రేగడిలో హద్దులు దాదాపు అన్నీ ఈ రెండో రకానివే. కారణం ఆ మట్టిలోని బంక ఖనిజం. మాంట్‌మోరిల్లొనైట్ జాతి బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఎండినప్పుడు పైన ఉన్న గుళికలు నెర్రెల్లోకి రాలతాయి. వాన పడగానే ఆ రాలిన మట్టి కూడా అక్కడే ఉబ్బుతుంది. చోటు చాలక పక్కమట్టిని ఏటవాలుగా పైకి నెడుతుంది. ఆ నెట్టుడులో ఒకదానిమీద ఒకటి రాసుకున్న ముఖాలే ఆ నునుపు పలకలు. ఇలా ఏటేటా పైది కిందికి, కిందిది పైకి కలుస్తూ ఉంటే స్తరాలు విడివిడిగా తేలడానికి తీరిక ఎక్కడిది? రేగడి తనను తానే దున్నుకుంటుందని అనేది ఇందుకే. నలుపు చూసి సేంద్రియ పదార్థం దండిగా ఉందనుకోవడం మాత్రం పొరపాటు. మన రేగళ్ళలో కర్బనం సాధారణంగా ఒక శాతం కూడా ఉండదు, ఉన్న కొద్దిపాటి జీవపదార్థం సన్నని బంకరేణువులకు గట్టిగా అంటుకుని ఉండటం వల్ల వచ్చే రంగు అది.

నడిమి గుంత

దీని గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. పైన 20 సెంటీమీటర్లు ముదురు గోధుమ, దాని కింద 60 వరకు ఎర్రగోధుమ రంగు బంకమట్టి, 60 నుంచి 95 వరకు సున్నపు గడ్డలు కలిసిన స్తరం, దాని కింద మొరం. భూతద్దంతో చూస్తే నడిమి స్తరంలో బెడ్డల ముఖాల మీద, వేర్ల దారుల గోడల మీద పలచని మైనపు పూతలాంటిది కనబడింది. పైనుంచి నీటితో దిగిన సన్నని బంకరేణువులు నీరు ఇంకినచోట ఆగి పేరుకున్న పూత అది. పైనుంచి పోగొట్టుకునేది, జీవపదార్థంతో ముదురుగా ఉండేది 'ఎ' స్తరం. ఆ పోయినదాన్ని పట్టి నిలుపుకునేది 'బి' స్తరం. శిథిలమైనా ఇంకా నేలగా మారని మూలపదార్థం, అంటే మన మొరం, 'సి' స్తరం. ఇంకా కింద పగలని రాయి 'ఆర్'. అడవిలో అయితే ఎ స్తరం మీద ఆకుల కుళ్ళుతో 'ఓ' స్తరం ఉండేది. మన ఎండకు, మన దుక్కులకు చేలల్లో అది మిగలదు.

సున్నం 60 సెంటీమీటర్ల దగ్గరే ఎందుకు ఆగిందన్నది ఆసక్తికరమైన ప్రశ్న. వాననీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని సున్నాన్ని కరిగించి కిందికి మోస్తుంది. ఆ నీటిని వేర్లు పీల్చేసిన చోట, ఎండ ఆవిరి చేసిన చోట సున్నం మళ్ళీ గడ్డకడుతుంది. గుంటూరు ప్రాంతంలో ఏడాది మొత్తం మీద పడే వాన కంటే ఆవిరి కాగల నీరే ఎక్కువ, కాబట్టి సున్నం నిలువుకోత దాటి పూర్తిగా బయటికి పోదు. ఆ గడ్డల స్తరం మామూలు ఏళ్ళలో తడి ఎంత లోతుకు దిగుతుందో గీసిపెట్టిన గీత లాంటిది.

వాలు వెంట పైనుంచి కిందికి ఎరుపు నలుపుగా మారడం కూడా ఇదే నీటి పనే. గుట్ట పక్కన మెరకలో నీరు సులువుగా దిగి, క్షారాలనూ సిలికానూ కడిగేస్తుంది. మిగిలిన ఇనుము ఆక్సీకరణం చెంది ఎరుపు తేలుతుంది. కడిగినవన్నీ జారి పల్లంలో చేరతాయి. నీరు మెల్లగా కదిలే అక్కడ అవే పదార్థాలతో ఉబ్బే బంక ఖనిజం రూపొందుతుంది. ఒకే వాలు మీద గొలుసులా వరుసగా మారే ఇలాంటి నేలలను తూర్పు ఆఫ్రికాలో చూసి 1935లో జెఫ్రీ మిల్న్ కాటెనా అని పేరు పెట్టాడు. లాటిన్‌లో ఆ మాటకు గొలుసు అనే అర్థం. ఈ లెక్కన పైగుంతలో నాకు ఎర్రనేల కనబడాలి. కాని ఆ ముక్క పైన నల్లగా ఉంది. గొలుసులో ఆ కడియం ఎందుకు తప్పిందో డిసెంబరులోనే అనుమానించవలసింది.

పైగుంత

గోడను కత్తితో శుభ్రం చేయడం సగంలో ఉండగానే కూలీలు పని ఆపి చూడటం మొదలుపెట్టారు. పైనుంచి 22 సెంటీమీటర్ల వరకు నల్లమట్టి. అక్కడ, తాడు పట్టి గీసినట్టు, ఒక గీత. గీత కింద ఎర్రటి ఇసుక గరప. హద్దు మందం ఒక సెంటీమీటరు కూడా లేదు.

నల్లమట్టిని చేతిలోకి తీసుకుంటే రేగడే అనిపిస్తుంది. తడిపి బొటనవేలితో నొక్కితే పొడవాటి పట్టీలా సాగుతుంది. అయితే రేగడిలో ఉండవలసినవి ఇందులో లేవు. నునుపు పలకలు లేవు, సున్నపు గడ్డలు లేవు. ఉండకూడనివి ఉన్నాయి: వేలిగోరంత నత్తగుల్లలు, కుండపెంకు ముక్కలు, ఒకచోట పచ్చగాజు తునక. ఆమ్లం వేస్తే మట్టి పొంగలేదు గాని నత్తగుల్లలు పొంగాయి. గట్టు మీద గొర్రెలను తోలుకుంటూ వచ్చి కూర్చున్న ఒక పెద్దాయన అంతా విని, గుంతలోకి ఒకసారి తొంగిచూసి అన్నాడు: "ఇది ఊరచెరువు మట్టయ్యా. పాత ఆసామి ట్రాక్టర్లు పెట్టి ఎండాకాలమంతా తోలించాడు. నేనూ తట్ట మోశాను." రైతు తెల్లబోయారు. "పొలం కొన్నప్పుడు ఈ సంగతి నాకెవరూ చెప్పలేదే తాతా!" పెద్దాయన కర్రకు గడ్డం ఆనించి, "నువ్వడిగావా?" అన్నాడు.

ఎర్రనేలకు చెరువు పూడికమట్టి తోలడం మన జిల్లాల్లో పాత, మంచి అలవాటు. ఇసుక ఎక్కువున్న నేలకు బంకను, తేమ పట్టే శక్తిని, కొంత పోషకాన్ని ఇస్తుంది. పలచగా పరచి, ఏటా కొంత కింది మట్టితో కలిసేలా దున్నితే దానికి వంక పెట్టలేం. ఇక్కడ జరిగింది వేరు. 60 సెంట్లంటే సుమారు 2,430 చదరపు మీటర్లు. 22 సెంటీమీటర్ల మందమంటే 530 ఘనపు మీటర్లకు పైగా మట్టి. ట్రాలీకి మూడు ఘనపు మీటర్లు వేసుకున్నా దాదాపు 180 ట్రాలీలు. అన్ని ట్రాలీలు ఎర్రనేల మీద అటూ ఇటూ తిరిగాయి, ఆ తరువాత దాన్ని అలాగే కప్పేశాయి. గీత కిందనే మూడు సెంటీమీటర్ల మందాన ఎర్రమట్టి అట్టముక్కల్లా అడ్డంగా పలకలు కట్టి ఉంది. నేను డిసెంబరులో గట్టిపొర అన్నది దీన్నే. గట్టి అన్నంతవరకు నిజమే, రోటవేటరు వల్ల అనడమే తప్పు.

గీత కింది నేల కథ దానిది. అట్టలాంటి ఆ మూడు సెంటీమీటర్లు, దాని కింద మరో పదిహేను సెంటీమీటర్లు కలిసి ఒకప్పటి ఎ స్తరం. పాత పైరుల వేర్లు కుళ్ళిన దారులు, బొగ్గు నలుసులు అందులో ఇంకా ఉన్నాయి. ఆ కింద ముదురు ఎరుపులో బంక పేరుకున్న బి స్తరం, మీటరు దగ్గర మొరం. అంటే పూర్తిగా తయారైన ఒక నేల, తన స్తరాలన్నిటితో సహా, పరాయి పొర కింద పూడిపోయి ఉంది. గొలుసులో కడియం తప్పలేదు, దాని మీద నల్ల గుడ్డ కప్పారంతే.

మొక్కలు ఎందుకు చచ్చాయన్నది ఆ గీత దగ్గరే తేలింది. నల్లమట్టి అడుగున నాలుగైదు సెంటీమీటర్లలో బూడిదరంగు మచ్చలు, వాటి చుట్టూ, వేర్ల దారుల వెంట తుప్పురంగు గీతలు ఉన్నాయి. గాలి అందక నీరు నిలిచినప్పుడు ఇనుము కరిగి కదిలి, మళ్ళీ గాలి తగిలినచోట తుప్పుగా ఆగినప్పుడే అవి ఏర్పడతాయి. ఒక్క తుపానుకు వచ్చే గుర్తులు కావవి. గట్టున పారేసిన ఎండు మిరప మొక్కలు తెచ్చి చూస్తే, వేర్లు జానెడు దిగి, గోడకు తగిలినట్టు పక్కకు తిరిగి, గీత వెంట పడుకుని ఉన్నాయి.

బంకమట్టి కింద ఇసుక గరప ఉంటే నీరు ఇంకా వేగంగా దిగాలి కదా అని రైతు అడిగారు, చాలామంది అనుకునేదీ అదే. జరిగేది దీనికి తలకిందులు. బంకమట్టి సన్నని రంధ్రాలు నీటిని బిగించి పట్టుకుంటాయి. కింద ఉన్న పెద్ద రంధ్రాలకు ఆ నీటిని లాక్కునే బలం ఉండదు. తడిపిన దుప్పటిని కంకర కుప్ప మీద పరిస్తే, దుప్పటి పూర్తిగా నానేవరకు ఒక్క చుక్క కిందికి రాలదు, ఇక్కడా అంతే. నల్లమట్టి దాదాపు నిండా నానితే తప్ప నీరు గీత దాటదు, దాటబోయేసరికి కింద ట్రాలీలు తొక్కిన అట్ట అడ్డం. మాటతో ఆయనకు నమ్మకం కలగలేదు. గోడ అంచుకు అడుగు దూరంలో అడుగు ఊడిన రేకు డబ్బాను నేలలో దిగగొట్టి, రెండు బిందెల నీళ్ళు పోయించాను. తడి మెల్లగా గోడలో కనబడి, గీత దాకా వచ్చి ఆగి, పక్కలకు పాకింది. గంటన్నర తరువాత కూడా గీత కింద ఎర్రమట్టి పొడిగానే రాలింది.

ఇంకో చిక్కుముడి కూడా అప్పుడే విడిపోయింది. మొక్కలు చావడం ఎప్పుడూ ఆ ముక్క దిగువ అంచున మొదలై పైకి పాకుతుందని రైతు మొదటి రోజే చెప్పారు, నేను రాసుకున్నాను గాని పట్టించుకోలేదు. గీత మీద నిలిచిన నీరు వాలు వెంట జారి, పూడికమట్టి పలచబడే దిగువ అంచున చేరుతుంది. గుట్ట నుంచి వచ్చే వాననీరు కూడా దానికి తోడవుతుంది. పల్లంలోని రేగడిలోనూ తుపానుకు నీరు నిలిచింది. కాని అక్కడ వేర్లు అరమీటరుకు పైగా దిగి ఉన్నాయి, గట్టు పక్కన వాగులోకి మురుగు దారి ఉంది, నేల పైనుంచి అడుగు దాకా ఒకే స్వభావం. జానెడు మట్టిలో బతికే మొక్క వానకు మునుగుతుంది, పది రోజులు నీరు ఆలస్యమైతే ఎండుతుంది. రైతు చెప్పింది కూడా అదే: ఆ ముక్కకు మిగతా చేను కంటే తరచుగా బోరునీరు పెట్టవలసి వచ్చేది.

తెగినట్టున్న హద్దు కనబడగానే చెరువుమట్టి అని తీర్పు చెప్పే ప్రమాదం కూడా ఉంది కాబట్టి ఒక పోలిక. కొల్లిపర వైపు కృష్ణా నది లంకల్లో గుంత తీస్తే ఇలాంటి గీతలు పది కనబడతాయి: ముతక ఇసుక, దాని మీద సన్న ఇసుక, దాని మీద ఒండ్రు, మళ్ళీ ముతక ఇసుక. ఒక్కో జత ఒక్కో వరద. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటిన 2009 అక్టోబరు, 2024 సెప్టెంబరు వరదల వంటివి ఇలాంటి పొరలు పేర్చుతాయి. అక్కడ పొరలు ఉంటాయి, స్తరాలు ఇంకా ఉండవు. పైన కొంచెం నలుపు తేలిన ఎ స్తరం తప్ప బి తయారయ్యే వ్యవధి ఏటి ఒడ్డు నేలకు దొరకదు. అక్కడి గీతను నది గీసింది, ఇక్కడి గీతను ట్రాలీలు గీశాయి. ఇంకో సంగతి: ఏటా దున్నే ఏ చేనులోనైనా దుక్కి లోతులో ఒక గీత ఉంటుంది. గీతకు అటూ ఇటూ ఉన్న మట్టి ఒకే తల్లి బిడ్డలా, కాదా అన్నదే తేల్చుకోవలసింది. అందుకు రంగు ఒక్కటే చాలదు. ఇసుక పాలు, సున్నం, బెడ్డల ఆకారం, అందులో దొరికే చెత్త, అన్నీ చూడాలి.

చేసిన పని, దాని ఫలితం

నల్లమట్టిని ఎత్తిపోయడం గురించి రైతు ఒకసారి అన్నారు గాని, ఆ ఖర్చుకు అర్థం లేదు, ఆ మట్టి చెడ్డదీ కాదు. గీతను చెరపడమే మా పని. మే నెలలోనే, నేల ఎండి పెళుసుగా ఉండగా, ముక్కను వాలు దిక్కున నాలుగు పట్టీలుగా విడదీసి, ఒకటి విడిచి ఒకటి చొప్పున రెండు పట్టీల్లో, గట్టిపొరను లోతుగా చీల్చే సబ్‌సాయిలర్‌ను 45 సెంటీమీటర్ల లోతులో, మీటరు ఎడంతో నిలువునా అడ్డంగా తోలించాం. ఆ పైన రెక్కనాగలితో 30 సెంటీమీటర్లు తిరగేసి ఎరుపును నలుపులో కలిపాం. ఈ పని తడిలో చేస్తే సబ్‌సాయిలర్ నేలను పగలగొట్టదు, కోసి పామేస్తుంది. అప్పుడు చేసినా చేయనట్టే. జూన్ వానకు ముక్క మొత్తంలో పచ్చిరొట్ట ఎరువుగా జనుము చల్లి పూతకు ముందు కలియదున్నారు. గుట్ట వైపు నుంచి వచ్చే నీటిని మళ్ళించడానికి పైన ఒక బోదె, దిగువ అంచున మురుగు బోదె నాలుగు పట్టీలకూ సమానంగా తీశాం, మిరపను ఎత్తు మడుల మీద నాటించాం.

పరీక్ష మేము అడగకుండానే వచ్చింది. నాటిన పది రోజులకే 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానలు విజయవాడనూ గుంటూరునూ ముంచెత్తాయి. సబ్‌సాయిలర్ తోలని పట్టీల్లో మూడింట ఒక వంతు నారు పోయింది. తోలిన పట్టీల్లో పదింట ఒకటి కూడా పోలేదు. బోదెలు అన్నిటికీ ఒకటే కాబట్టి ఈ తేడా దుక్కి వల్ల వచ్చిందనే అనుకుంటున్నాను. పోయినచోట మళ్ళీ నాటారు. దిగుబడి తేడా మాత్రం చెప్పలేను: పట్టీలవారీగా కాయ విడిగా తూకం వేయమని చెప్పినా, కోతల హడావిడిలో మొదటి కోతకే అన్ని పట్టీల కాయా ఒకే కల్లంలో పోశారు. ఒక్క ఏడాది, ఒక్క పెద్ద వాన మీద ఆధారపడిన ఫలితమిది, దాన్ని అంతవరకే తీసుకోవాలి.

2025 ఫిబ్రవరిలో తోలిన పట్టీలో అడ్డంగా చిన్న గుంత తీసి చూశాను. సబ్‌సాయిలర్ కొయ్య (నేలలోకి దిగే మొన) వెళ్ళిన చోట నల్లమట్టి వేళ్ళలా ఎర్రమట్టిలోకి దిగింది, దాని వెంట మిరప వేర్లు అరమీటరు దాకా వెళ్ళాయి. రెండు కొయ్య దారుల నడుమ మాత్రం రెక్కనాగలి అందని చోట్ల పాత గీత అరచేయంత పొడవున అక్కడక్కడ అలాగే ఉంది, దాని మీద తుప్పు మచ్చలూ ఉన్నాయి. మీటరు ఎడం ఎక్కువైందని అర్థమైంది. మిగిలిన రెండు పట్టీల్లో ఈసారి అర మీటరు ఎడంతో తోలాలని, తోలిన పట్టీల్లో కూడా పాత దారుల నడుమ మరోసారి వేయాలని రైతూ నేనూ అనుకున్నాం. గుంత పూడ్చేటప్పుడు ఎర్రమట్టి ముందు, నల్లమట్టి తరువాత పడేలా రెండు కుప్పలు విడిగా పెట్టించాను. తిరిగి చూసేలోగా కూలీలు రెండూ కలిపి పోసేశారు. ఈ చేనులో ఆ చోట మాత్రం వద్దనడానికి నాకు కారణం కనబడలేదు.